జావా అలవాటుతో రాసిన పైథాన్ కోడ్‌లో ముందు ఏం మార్చాలి?

ప్రశ్న ఇదీ: నాలుగేళ్లు జావా రాసి ఈ మధ్యే పైథాన్ టీమ్‌లోకి వచ్చారు. కోడ్ నడుస్తోంది, టెస్టులు పాసవుతున్నాయి, కానీ రివ్యూలో ప్రతిసారీ "పైథానిక్‌గా లేదు" అని కామెంట్ వస్తోంది. తెలుగు పేర్ల సీఎస్వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) చదివే తమ స్క్రిప్ట్ పెట్టి, లిస్ట్ కాంప్రెహెన్షన్లు (ఒక్క లైనులో లూప్ తిప్పి లిస్టు కట్టే రాత), లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) ఎక్కువ వాడితే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండీ. చాలాసార్లు అది కోడ్‌ని ఇంకా పాడుచేస్తుంది. పైథానిక్ అంటే పొట్టి కోడ్ కాదు. భాష ఇప్పటికే చేసిపెట్టే లెక్కాచారాన్ని మీరు మళ్లీ చేత్తో చెయ్యకపోవడం, అంతే. ఇండెక్స్ పెంచడం, కీ ఉందో లేదో చూసి సున్నాతో మొదలుపెట్టడం, ఫైల్ మూసెయ్యడం, గెటర్లు సెటర్లు రాయడం: ఇవి తీసేస్తే మిగిలేది మీ అసలు పని. చదివేవాడికి కావలసింది అదే. ముందు లూపులు, తర్వాత డేటా పెట్టుకునే తీరు, ఆ తర్వాత క్లాసులు. ఈ వరసలో మార్చుకుంటూ రండి.

(కోడ్ ముక్కల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఎడిటర్‌లో కీవర్డులు మామూలుగా ఇంగ్లీషులో కొట్టుకోండి. వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులో ఉన్నా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. టీమ్ ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి.)

లూపులు

మీరు పెట్టిన కోడ్‌లో రెండు లిస్టులున్నాయి, పేర్లు, మార్కులు. వాటిని ఇలా తిప్పారు:

ఫర్ ఐ ఇన్ రేంజ్(లెన్(పేర్లు)):
    ప్రింట్(పేర్లు[ఐ], మార్కులు[ఐ])

ఇక్కడ ఐ అనేదానితో మీకు పనేమీ లేదు. కావలసింది పేరు, మార్కు. కాబట్టి:

ఫర్ పేరు, మార్కు ఇన్ జిప్(పేర్లు, మార్కులు, స్ట్రిక్ట్=ట్రూ):
    ప్రింట్(పేరు, మార్కు)

ఆ స్ట్రిక్ట్ ఎందుకంటే, జిప్ (లిస్టుల్ని జంటలుగా కలిపి ఇచ్చేది) ఒట్టిగా వాడితే పొట్టి లిస్టు ఎక్కడ అయిపోతే అక్కడ చప్పుడు చెయ్యకుండా ఆగిపోతుంది. 60 పేర్లు, 59 మార్కులు ఉంటే చివరి విద్యార్థి రిపోర్టులోంచి మాయం, ఎర్రర్ మాత్రం రాదు. పైథాన్ 3.10 నుంచి స్ట్రిక్ట్ ఉంది, పొడవులు తేడా వస్తే వాల్యూఎర్రర్ ఇస్తుంది. రెండు లిస్టులూ ఒకే పొడవు ఉండాలని మీకు తెలిసిన ప్రతిచోటా అది పెట్టండి.

వరస సంఖ్య నిజంగా కావాలంటే ఎన్యూమరేట్ ఉంది. దానికి స్టార్ట్=1 ఇవ్వొచ్చు, ఐ+1 అని రాసుకోనక్కర్లేదు. డిక్షనరీలో కీ, విలువ రెండూ కావాలంటే ఐటమ్స్ మెథడ్ మీద తిప్పండి. కీల మీద తిప్పుతూ లోపల మళ్లీ డిక్షనరీని అడగడం రివ్యూలో తరచుగా కనబడే రెండో విషయం.

అసలు, రెండు లిస్టులు ఎప్పుడూ జంటగానే తిరుగుతున్నాయంటే అవి రెండు లిస్టులుగా ఉండకూడదు. ఒక్కో విద్యార్థికి ఒక్కో రికార్డు పెట్టి, రికార్డుల లిస్టు ఒకటి ఉంచుకుంటే జిప్‌తో పనే ఉండదు.

లూప్ తిరుగుతుండగా అదే లిస్టులోంచి రిమూవ్ చెయ్యకండి. జావాలో ఇలా చేస్తే సాధారణంగా ఎక్సెప్షన్ వచ్చి పట్టుబడతారు. పైథాన్ లిస్టు ఏమీ అనదు, తీసేసిన దాని పక్కనున్న ఐటమ్‌ని దాటేసి ముందుకు పోతుంది. వరసగా రెండు తప్పుడు రికార్డులుంటే రెండోది మిగిలిపోతుంది. ఉంచుకోవలసినవాటితో కొత్త లిస్టు కట్టడమే మార్గం, కాంప్రెహెన్షన్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

కాంప్రెహెన్షన్ ఎప్పుడు, ఎప్పుడు కాదు

ఒక ఫర్, మహా అయితే ఒక ఇఫ్. అంతవరకు బాగుంటుంది. రెండు ఫర్‌లు, పైన ఒక ఇఫ్-ఎల్స్, లోపల ఒక ఫంక్షన్ కాల్ చేరాయంటే మామూలు లూప్‌గా విప్పి రాసెయ్యండి. ఎవరూ మార్కులు తగ్గించరు. ప్రింట్ చెయ్యడానికో, డేటాబేస్‌లో రాయడానికో కాంప్రెహెన్షన్ వాడితే మాత్రం తప్పే. నన్‌లతో (పైథాన్‌లో "ఏమీ లేదు" అనే విలువ, జావా నల్ లాంటిది) నిండిన ఒక లిస్టు తయారై ఎవరికీ పనికిరాకుండా పోతుంది, చదివేవాడు దాన్ని ఎక్కడ వాడారా అని వెతుకుతాడు.

మొత్తం కూడటానికో, ఒక్కటైనా ఉందా అని చూడటానికో అయితే చదరపు బ్రాకెట్లు తీసేసి సమ్, ఎనీ, ఆల్ లోపల నేరుగా రాయండి. అప్పుడది జనరేటర్ (విలువల్ని అడిగినప్పుడు ఒక్కొక్కటిగా ఇచ్చేది) అవుతుంది. లక్ష వరసల లిస్టు మెమరీలో కట్టక్కర్లేదు, ఎనీ అయితే మొదటిది దొరకగానే ఆగిపోతుంది కూడా.

జనరేటర్‌తో ఒక ప్రమాదం ఉంది. అది ఒక్కసారే నడుస్తుంది. ముందు సమ్‌తో మొత్తం తీసి, తర్వాత అదే వేరియబుల్ మీద లూప్ తిప్పితే రెండోసారి ఖాళీ. ఎర్రర్ రాదు, రిపోర్టులో మొత్తం సరిగ్గా ఉంటుంది, కింద వివరాలు ఒక్కటీ ఉండవు. ఫైల్ ఆబ్జెక్టు, మ్యాప్, ఫిల్టర్, జిప్ అన్నీ ఇంతే. రెండుసార్లు కావాలంటే ముందే లిస్ట్‌గా మార్చి పెట్టుకోండి.

డేటా ఎందులో పెడుతున్నారు

"కీ ఉందా? లేకపోతే సున్నా పెట్టు, తర్వాత ఒకటి కలుపు" అనే నాలుగు లైన్లు కనబడితే అక్కడ కలెక్షన్స్ మాడ్యూల్‌లోని కౌంటర్ కావాలి. "కీ లేకపోతే ఖాళీ లిస్టు పెట్టు, తర్వాత అపెండ్ చెయ్యి" అని కనబడితే డిఫాల్ట్‌డిక్ట్ కావాలి. డిఫాల్ట్‌డిక్ట్‌ని చదరపు బ్రాకెట్లతో చదివినా లేని కీ పుట్టుకొస్తుంది. "ఈ జిల్లా ఉందా" అని చూడటానికి అలా అడిగితే లేని జిల్లా కూడా ఖాళీ లిస్టుతో లోపలికి చేరి, చివర్లో జిల్లాల సంఖ్య తప్పు వస్తుంది. చూడటానికి ఇన్ వాడండి, లేదా గెట్. కౌంటర్‌కి ఈ బాధ లేదు, లేని కీ చదివితే సున్నా ఇస్తుంది తప్ప దాచుకోదు.

"ఈ నంబరు ఆ జాబితాలో ఉందా" అని లూప్‌లో అడుగుతుంటే ఆ జాబితా సెట్ అయి ఉండాలి. 10,000 నంబర్ల లిస్టుని 1,00,000 వరసలకీ వెతికితే, దొరకని పక్షంలో 100 కోట్ల పోలికలు. సెట్ అయితే ఒక్కో వరసకి దాదాపు ఒక్క చూపుతో అయిపోతుంది. "పైథాన్ స్లో" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఈ ఒక్క మార్పుతో తీరతాయి. సెట్‌లో వరస నిలవదు. వరస చెడకుండా డూప్లికేట్లు తియ్యాలంటే డిక్ట్.ఫ్రమ్‌కీస్‌కి ఇచ్చి లిస్ట్ చేసుకోండి. 3.7 నుంచి డిక్షనరీ చేర్చిన వరసలోనే ఉంటుందని భాషే హామీ ఇస్తోంది.

క్లాసులు

జావా నుంచి వచ్చినవాళ్ల కోడ్‌లో తీసెయ్యడానికి ఎక్కువ దొరికేది ఇక్కడే. అన్నీ స్టాటిక్ మెథడ్‌లే ఉన్న యుటిలిటీ క్లాస్ అక్కర్లేదు, ఒక మాడ్యూల్‌లో ఫంక్షన్లుగా పెట్టండి. సింగిల్టన్ ప్యాటర్న్ కూడా దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. మాడ్యూల్‌ని ఎన్ని చోట్ల ఇంపోర్ట్ చేసినా ఒక ప్రాసెస్‌లో మామూలుగా ఒక్కసారే నడుస్తుంది, అందులోని వేరియబుల్ అందరికీ ఒక్కటే. ఇనిట్ (జావా కన్‌స్ట్రక్టర్ లాంటిది), ఇంకో మెథడ్ మాత్రమే ఉన్న క్లాస్ కనబడితే అది వేషం వేసుకున్న ఫంక్షన్ అనుకోండి.

గెటర్లు, సెటర్లు ముందుజాగ్రత్తగా రాయకండి. జావాలో ఫీల్డ్‌ని పబ్లిక్‌గా వదిలేస్తే తర్వాత లోపల చెక్ పెట్టాలన్నప్పుడు వాడినవాళ్లందరి కోడ్ మారాలి, అందుకే ఆ ఆచారం. పైథాన్‌లో మామూలు అట్రిబ్యూట్‌గా మొదలుపెట్టి, అవసరం పడ్డ రోజున ప్రాపర్టీగా మార్చవచ్చు. బయట వాడేవాళ్ల కోడ్‌లో ఒక్క అక్షరం మారదు.

ఒట్టి డేటా మోసే క్లాస్ అయితే డేటాక్లాస్ డెకరేటర్ పెట్టండి, 3.7 నుంచి ఉంది. ఇనిట్, ప్రింట్ చేసినప్పుడు కనబడే రూపం, సమానమా అన్న పోలిక మూడూ అదే రాసిపెడుతుంది. మారకూడని డేటాకి ఫ్రోజెన్=ట్రూ ఇవ్వండి.

డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌లో ఖాళీ లిస్టు పెట్టకండి. డెఫ్ చేర్చు(వస్తువు, బుట్ట=[]) అని రాస్తే ఆ ఖాళీ లిస్టు డెఫ్ లైన్ నడిచినప్పుడు ఒక్కసారే పుడుతుంది, పిలిచినప్పుడల్లా కొత్తది రాదు. మొదటి కస్టమర్ బుట్టలో వేసింది రెండో కస్టమర్ బుట్టలో తేలుతుంది. వెబ్ సర్వర్‌లో అయితే ఇది ఒకరి డేటా ఇంకొకరికి చూపించడమే. టెస్టులో ఒక్కసారే పిలుస్తారు కాబట్టి బయటపడదు. డిఫాల్ట్ నన్ పెట్టి, లోపల నన్ అయితే కొత్త లిస్టు కట్టండి. డేటాక్లాస్‌లో ఇదే తప్పు చేస్తే పైథానే వాల్యూఎర్రర్‌తో ఆపుతుంది, అక్కడ ఫీల్డ్(డిఫాల్ట్_ఫ్యాక్టరీ=లిస్ట్) అని రాయాలి. డేట్‌టైమ్.నౌ()ని డిఫాల్ట్‌గా ఇచ్చినా ఇదే గొడవ: సర్వర్ మొదలైన సమయమే రోజంతా పడుతుంది.

ఇఫ్ ఎక్స్, ఇఫ్ ఎక్స్ ఈజ్ నాట్ నన్: ఇవి ఒకటి కావు

లిస్టు ఖాళీనా అని చూడటానికి లెన్ సున్నాతో పోల్చక్కర్లేదు, ఇఫ్ లిస్టు అంటే చాలు అని చెబుతారు. నిజమే. కానీ ఆ అలవాటు అంకెల దగ్గరికి తెచ్చుకుంటే దెబ్బ తగులుతుంది. డిస్కౌంట్ 0 అని కస్టమర్ స్పష్టంగా ఇచ్చినా ఇఫ్ డిస్కౌంట్ అనేది తప్పు అవుతుంది, మీ కోడ్ "ఇవ్వలేదు కాబోలు" అనుకుని డిఫాల్ట్ 10 శాతం వేసేస్తుంది. డిస్కౌంట్ ఆర్ 10 అని రాసినా అంతే. ఇచ్చారా లేదా అన్నదే ప్రశ్న అయితే ఈజ్ నన్ అని అడగండి.

ఈజ్‌ని నన్‌తో పోల్చడానికే ఉంచుకోండి, అంకెలకీ స్ట్రింగ్‌లకీ వద్దు. మనం రోజూ వాడే పైథాన్‌లో -5 నుంచి 256 వరకు ఉన్న పూర్ణాంకాలు ముందే తయారుచేసి ఉంటాయి కాబట్టి చిన్న అంకెలకి ఈజ్ పనిచేసినట్టే కనబడుతుంది, ప్రొడక్షన్‌లో 257 వచ్చిన రోజు తెలుస్తుంది.

ఎక్సెప్షన్లు

పైథాన్‌లో ముందు చూసి తర్వాత చెయ్యడం కంటే చేసేసి విఫలమైతే పట్టుకోవడం వాడుక. ఫైల్ ఉందా అని చూసి ఓపెన్ చేసే లోపు ఇంకో ప్రాసెస్ దాన్ని తీసెయ్యొచ్చు, ఎలాగూ ఎర్రర్‌ని పట్టుకోవాల్సిందే. నేరుగా ఓపెన్ చేసి ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ పట్టుకోండి.

ట్రై లోపల మాత్రం విఫలమయ్యే ఆ ఒక్క లైనే ఉండాలి. ముప్ఫై లైన్లు ట్రైలో పెట్టి కీఎర్రర్ పట్టుకుంటే, ఎక్కడో స్పెల్లింగ్ తప్పుగా రాసిన కీ కూడా "డేటా లేదు" అనే మెసేజ్ కిందే పోతుంది. ఏ రకమో చెప్పకుండా ఒట్టి ఎక్సెప్ట్ రాయకండి, అది కంట్రోల్-సీని కూడా మింగేస్తుంది. పట్టుకుని ఇంకో ఎక్సెప్షన్ రైజ్ చేస్తుంటే చివర ఫ్రమ్ పెట్టి అసలు కారణాన్ని జత చెయ్యండి, లాగ్ చదివేవాళ్లకి అదే ఆధారం. ఫైళ్లకీ లాకులకీ విత్ వాడండి, ఫైనల్లీ రాసే పని తప్పుతుంది.

ఫైళ్లు, ముఖ్యంగా తెలుగు ఉన్న ఫైళ్లు

మీ స్క్రిప్ట్ తెలుగు పేర్ల సీఎస్వీ చదువుతోందన్నారు కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను. శుభ్రమైన కోడ్ గురించి రాసేవాళ్లు సాధారణంగా దీన్ని వదిలేస్తారు, వాళ్ల డేటా అంతా ఇంగ్లీషులో ఉంటుంది కనుక.

ఓపెన్ పిలిచిన ప్రతిచోటా ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8" రాయండి. రాయకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ ఏది చెబితే అది. లినక్స్ సర్వర్‌లో మామూలుగా అది యూటీఎఫ్-8 కాబట్టి నడుస్తుంది, ఆఫీసు విండోస్ మెషీన్‌లో పాత కోడ్‌పేజీ ఉండి తెలుగు రాయబోతే యూనికోడ్‌ఎన్‌కోడ్‌ఎర్రర్ వస్తుంది, చదవబోతే పిచ్చి గుర్తులో, యూనికోడ్‌డీకోడ్‌ఎర్రరో వస్తుంది. 3.15 నుంచి యూటీఎఫ్-8 నే డిఫాల్ట్ చెయ్యాలని పెప్ 686లో (పెప్ అంటే పైథాన్ మార్పుల ప్రతిపాదన పత్రం) నిర్ణయించారు, కానీ పాత వెర్షన్లు ఇంకా చాలాకాలం ఉంటాయి. సీఎస్వీ రాసేటప్పుడు న్యూలైన్='' కూడా ఇవ్వాలి, లేకపోతే విండోస్‌లో వరసకీ వరసకీ మధ్య ఖాళీ లైను పడుతుంది. ఆ సీఎస్వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచేవాళ్లుంటే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ పెట్టండి. జేసన్.డంప్స్ తెలుగు అక్షరాలన్నిటినీ ఎస్కేప్ కోడ్‌లుగా మార్చేస్తుంది. అలాగే చదవగలిగేలా ఉంచాలంటే ఎన్‌ష్యూర్_యాస్కీ=ఫాల్స్.

ఇక స్ట్రింగ్‌లు. "లక్ష్మి"కి లెన్ అడిగితే 7 వస్తుంది. మన లెక్కలో రెండక్షరాలు, ఫైల్‌లో 21 బైట్లు. పైథాన్ లెక్కపెట్టేది యూనికోడ్ కోడ్‌పాయింట్లని: హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి. జావాలోనూ 7 వస్తుంది కాబట్టి ఇది కొత్త కాదు, కానీ స్లైసింగ్ ఇక్కడ తేలిక కాబట్టి ప్రమాదం పెరుగుతుంది. పేరుని మొదటి 10కి కోస్తే ఒత్తు మధ్యలో తెగుతుంది, తిరగేస్తే గుణింతాలు పక్క హల్లుకి అతుక్కుంటాయి. ఎఫ్-స్ట్రింగ్‌లో వెడల్పు 20 ఇచ్చి కాలమ్‌లు సర్దాలనుకుంటే తెలుగు పేర్ల దగ్గర వంకర పోతాయి.

దీనికంటే కనిపించని దెబ్బ ఐజ్‌ఆల్ఫాది. "తల" అంటే ట్రూ ఇస్తుంది, "తెలుగు" అంటే ఫాల్స్. గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో అక్షరాల వర్గంలో లేవు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ కూడా వాటిని వదిలేస్తుంది కాబట్టి "తెలుగు"లో మాటలు ఏరమంటే త, ల, గ అని మూడు ముక్కలు ఇస్తుంది. పేరు సరైనదా కాదా అని చూసే ఫంక్షన్‌లో ఇవి పెడితే సగం ఊరి పేర్లు తిరస్కరణకి గురవుతాయి. మాటలు విడదియ్యడానికి స్ప్లిట్‌తో సరిపెట్టుకోండి, లేదా 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉన్న తెలుగు బ్లాక్‌ని రేంజ్‌గా ఇవ్వండి.

రెండు పేర్లు కంటికి ఒకేలా ఉండి పోలికలో ఫాల్స్ వస్తే రెండు చోట్ల చూడండి. ఒకటి, ఐత్వం ఒకే కోడ్‌పాయింట్‌గానూ ఉండొచ్చు, ఎత్వం పక్కన ఇంకో గుర్తు చేరిన జంటగానూ ఉండొచ్చు. యూనికోడ్‌డేటా.నార్మలైజ్‌కి ఎన్ఎఫ్‌సీ ఇస్తే రెండూ ఒకటవుతాయి. రెండు, కీబోర్డులు పొల్లు తర్వాత పెట్టే కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క హల్లుతో కలవకుండా ఆపే గుర్తు). అది ఖాళీ జాగా కాదు కాబట్టి స్ట్రిప్ దాన్ని తియ్యదు, రీప్లేస్‌తో విడిగా తియ్యాలి. పోల్చడానికి వాడే కీలోంచి మాత్రమే తియ్యండి, చూపించే పేరులోంచి తీస్తే కొన్ని పదాలు ఒత్తులుగా కలిసిపోయి వికారంగా కనబడతాయి. ఈ రెండూ చేసి పోలిక కీ ఇచ్చే చిన్న ఫంక్షన్ ఒకటి రాసి, డేటా లోపలికొచ్చే గుమ్మం దగ్గరే ఒక్కసారి వాడండి.

తెలుగు అంకెలకి మాత్రం ఏ తిప్పలూ లేవు: ఇంట్("౧౨౩") నేరుగా 123 ఇస్తుంది.

డబ్బు

ఫ్లోట్‌లో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004. జావా డబుల్‌తో చూసిందే. డెసిమల్ వాడండి, దానికి విలువని స్ట్రింగ్‌గా ఇవ్వండి. ఫ్లోట్‌గా ఇస్తే ఆ తప్పు కూడా లోపలికి వెళ్తుంది. రౌండ్(2.5) అంటే 3 రాదు, 2 వస్తుంది, సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు వెళ్తుంది. బిల్లుల్లో 3 కావాలంటే డెసిమల్ క్వాంటైజ్‌కి రౌండ్_హాఫ్_అప్ చెప్పాలి.

పేర్లు, పనిముట్లు

లిస్ట్, ఐడీ, సమ్, ఇన్‌పుట్ అనే పేర్లతో వేరియబుల్స్ పెట్టకండి, ఆ తర్వాత అదే ఫంక్షన్ పిలవబోతే పనిచెయ్యదు. మీ ఫైల్‌కి రాండమ్, సీఎస్వీ, జేసన్ అనే పేర్లూ వద్దు, ఇంపోర్ట్ చేస్తే అసలు మాడ్యూల్ బదులు మీ ఫైలే వస్తుంది. 3.13 నుంచి ఎర్రర్ మెసేజే పేరు మార్చమని సూచిస్తోంది.

పెప్ 8 లైనుకి 79 అక్షరాలంటుంది, బ్లాక్ ఫార్మాటర్ 88 వాడుతుంది. దీని మీద వాదించుకోవడం దండగ, ఫార్మాటర్ పెట్టి వదిలెయ్యండి. లింటర్‌గా (కోడ్ నడపకుండానే తప్పులు పట్టే పనిముట్టు) రఫ్ వాడండి. దాని సెట్టింగుల్లో బి గుంపు రూల్స్ చేర్చితే పైన చెప్పిన ఖాళీ లిస్టు డిఫాల్ట్, స్ట్రిక్ట్ లేని జిప్ లాంటివి అదే పడుతుంది. యూపీ గుంపు పాత వెర్షన్ రాతల్ని కొత్తవాటికి మారుస్తుంది. సిమ్ గుంపు సలహాలు మాత్రం అన్నీ తీసుకోకండి, కొన్నిసార్లు నాలుగు స్పష్టమైన లైన్లని కుక్కి ఒక్క లైను చేస్తుంది. టైప్ హింట్లు మీకెలాగూ అలవాటే, ముందు ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లకీ రిటర్న్‌కీ రాయండి, లోపలి వేరియబుల్స్‌కి చాలాసార్లు అక్కర్లేదు.

ఇప్పుడున్న కోడ్ అంతటినీ ఒక్క కమిట్‌లో మార్చకండి. ఫార్మాటర్ నడిపిన కమిట్ ఒకటి విడిగా ఉంచి, దాని హ్యాష్‌ని గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు మార్చారో చూపేది) వదిలెయ్యాల్సిన జాబితా ఫైల్‌లో పెట్టండి. లూపులు, డేటా మార్పులు ఒక్కో ఫంక్షన్‌కి ఒక్కో కమిట్‌గా, ముందు టెస్టు రాసి చెయ్యండి. ముఖ్యంగా జిప్‌కి స్ట్రిక్ట్ చేర్చిన కమిట్ వేరుగా ఉండాలి, ఇన్నాళ్లూ చప్పుడు లేకుండా పోయిన వరసలు అప్పుడు ఎర్రర్లుగా బయటికొస్తాయి.